భేరి కొట్టినవాని పేరు

గుమ్మఘట్ట నుంచి బౌద్ధం జాడ చూడబోవాలంటే జపాను దాకా పోనక్కర్లేదు. రాయదుర్గం మీదుగా మొలకాల్మూరు దారి పడితే కర్ణాటకలో సిద్ధాపురం, బ్రహ్మగిరి వస్తాయి. మేము పోయి చూసినాం. గుడి లేదు, గోపురం లేదు. మన దగ్గరున్నట్టే ఎండ, బండలు. 1892లో బి.ఎల్. రైస్ బయటపెట్టిన అశోకుని శాసనాలు ఆ బండల మీదే ఉన్నాయి.

సువర్ణగిరి నుంచి రాజపుత్రుడూ మహామాత్రులూ ఇసిల అధికారులకు పంపిన ఆజ్ఞ అది. గొప్పవాళ్లే కాదు, చిన్నవాళ్లు కూడా పూనుకుంటే స్వర్గం అందుకోగలరని అందులో ఉంది. చివర్లో రాసినవాడు తన పేరు పెట్టుకున్నాడు: చపడ. 'లిపికరుడు' అన్న మాటను మాత్రం ఖరోష్ఠి లిపిలో రాసినాడు. వాయవ్య దేశపు చదువు తనకుందని చూపించుకున్నాడేమో!

మరి చదువురాని జనానికి ఈ మాటలు చేర్చిందెవరు? గుత్తికి దగ్గర్లోని ఎర్రగుడి శాసనంలో సగం జవాబు దొరుకుతుంది. రజ్జుకుడు భేరి మోగించి జానపదులకు తెలపాలని అక్కడుంది. భేరి ఉంది, కొట్టినవాని పేరు లేదు. తోలు బిగించినవాడు అసలే లేడు. వాళ్లది ఫలానా కులమని మేము అనడం లేదు. నేటి కులాలను అశోకుని కాలానికి అంటగట్టడం చరిత్ర కాదు. అయినా రాయసగాడు మిగిలి, చాటింపు వేసినవాడు మిగలకపోవడం మనం ఎరిగిన సంగతే. మన ఊళ్లలో మాదిగ తాతలు తప్పెట కొట్టి చాటితేనే కబురు అందరికీ తెలిసేది. చాటినవాడు మాత్రం రచ్చకట్ట ఎక్కరాదు.

బౌద్ధం ఉన్నచోట ఈ బాధ ఉండదనుకుంటే పొరపాటు. జపాను గుళ్లలో మోగే పెద్ద డోళ్లకు తోలు బిగించింది బురాకు జనం. చచ్చిన పశువుల పని, తోలుపని చేస్తారని వాళ్లను వెలివేసినారు. 1871లో ప్రభుత్వం ఆ హీన హోదాను రద్దు చేసింది గానీ వివక్ష పోలేదు. చనిపోయినవాళ్లకు మఠం పెట్టే పేర్లలో సైతం, కొన్నిచోట్ల, 'పశువు' అనే అక్షరం చేర్చినారు. 1922లో వాళ్లు క్యోటోలో సుయిహెయిషా అనే సంఘం పెట్టి, తమ దగ్గర చందాలు వసూలు చేయొద్దని హోంగంజి మఠాలకు తెగేసి చెప్పినారు.

ఒసాకా బురాకు పనివాళ్లు డోలు లోపలి చెక్క మీద తమ పేర్లు రాసుకునేవాళ్లు. తోలు విప్పితే గానీ కనపడవు. జపానులో చరిత్ర పరిశోధకులు అట్లా విప్పి చదివినారు. గుమ్మఘట్ట పల్లెల్లో తప్పెటలు ఇంకా కొన్ని ఇళ్లలో కొయ్యలకు వేలాడుతున్నాయి. ఎవరు చేసినారో, ఎవరు కొట్టినారో ముసలివాళ్లను అడిగి ఇప్పుడే రాసుకోవాలి.