గడప బయట పుట్టిన మాట

రోమ్ నగరంలో సెనేట్ తలుపుల ముందు ఒక బల్ల ఉండేది. లోపల కులీనులు తీర్మానాలు చేస్తుంటే, బయట ఆ బల్ల మీద సామాన్యుల ప్రతినిధులైన ట్రిబ్యూన్లు కూర్చునేవారు. తొలి రోజుల్లో వాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. తీర్మానం బయటికి వచ్చాక చదివి చూసేవారు. సమ్మతమైతే దాని కింద గుర్తుగా ఒక అక్షరం పడేది. లేకపోతే తీర్మానం అక్కడే ఆగిపోయేది. రోమన్ రచయిత వలేరియస్ మాక్సిమస్ రాసిపెట్టిన సంగతి ఇది. అలా ఆపడానికి వాళ్లు పలికిన మాటే 'వీటో'.

లాటిన్‌లో అది ఒక్క మాటే అయినా పూర్తి వాక్యం. 'నేను' అని విడిగా చెప్పనక్కర్లేదు, క్రియలోనే ఉంది. మన తెలుగులో 'వద్దంటున్నాను' అన్నట్టే. అందులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇంగ్లిష్ మీదుగా మనకు చేరేసరికి అది నామవాచకమైంది. 'వీటో అధికారం', 'వీటో చేసింది' అంటున్నాం గానీ, పలికిన మనిషి అందులోంచి జారిపోయాడు.

ప్రతి తిరస్కారమూ వీటో కాదు. సభలో ఎక్కువమంది కాదంటే ప్రతిపాదన ఓడిపోయినట్టు. ఎక్కువమంది ఔనన్నదాన్ని ఒక్కరు ఆపగలిగితే అది వీటో. ఇంటిల్లిపాదీ సరేనన్న పెళ్లి సంబంధాన్ని నాయనమ్మ ఒక్కతే వద్దని ఆపేస్తే, ఆమె వీటో చేసిందనడం సరైన ప్రయోగమే.

ఆ ఒక్కరికి అంత బలం ఎక్కడిది? క్రీస్తుపూర్వం 494లో అప్పులు తీర్చలేక బానిసల్లా మారిన రోమన్ సామాన్యులు నగరం విడిచి పవిత్ర పర్వతం మీదికి వెళ్లిపోయారని సంప్రదాయ చరిత్ర. పొలాలకూ సైన్యానికీ మనుషులు కావాలి. పెద్దలు దిగివచ్చారు. అలా పుట్టింది ట్రిబ్యూన్ పదవి. ట్రిబ్యూన్ మీద చేయి వేయడం మహాపరాధం. ఏ వేళ ఎవరు ఆపదలో వచ్చినా కాదనకూడదని అతని ఇంటి తలుపులు రాత్రింబవళ్లు తెరిచే ఉండాలి. గడప బయట ఉన్నవాడి కోసం పుట్టిన మాట ఇది.

కాలక్రమంలో ఆ మాట చేతులు మారింది. క్రీస్తుపూర్వం 133లో టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్ ప్రభుత్వ భూముల్ని పేదలకు పంచే చట్టం తెచ్చాడు. భూస్వాముల పక్షాన దానికి వీటో చెప్పినవాడు సాటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్. గ్రాకస్ ప్రజల ఓటుతో అతన్ని పదవి నుంచి తీయించాడు. ఆ ఏడాదే సెనేటర్లు విరిగిన బల్లల కోళ్లతో గ్రాకస్‌ను, అతని అనుచరుల్ని కొట్టి చంపారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. క్రీస్తుపూర్వం 23లో అగస్టస్ చక్రవర్తి ట్రిబ్యూన్ అధికారాన్ని తనకే దఖలు పరుచుకున్నాడు.

పోలండ్‌లో ఈ హక్కు కులీనులదైంది. 1652లో సిచిన్‌స్కీ అనే ఒక్క సభ్యుడి అభ్యంతరంతో అక్కడి సెయిమ్ సభ భగ్నమైంది. ఆ తర్వాత అదే వాడుకగా మారి ఎన్నో సభలు అలాగే చెదిరాయి. 1791 మే 3 రాజ్యాంగం ఆ హక్కును రద్దు చేసింది. అప్పటికే ఆలస్యమైంది. 1795కల్లా పొరుగు రాజ్యాలు పోలండ్‌ను పూర్తిగా పంచుకున్నాయి.

1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి పుడుతున్నప్పుడు చిన్న దేశాలు వీటోను గట్టిగా ప్రతిఘటించాయి. అమెరికా సెనేటర్ టామ్ కానలీ ముసాయిదా ప్రతిని అందరి ముందూ చింపేశాడు. వీటో వద్దంటే చార్టర్ కూడా ఉండదని దాని భావం. చార్టర్‌లో ఎక్కడా 'వీటో' అన్న మాట లేదు. భద్రతా మండలిలోని అయిదు శాశ్వత సభ్యుల సమ్మతి ఉండాలన్న 27వ అధికరణమే దానికి ఆధారం. తలుపు బయటివాడి మాట లోపలి పెద్దల సొత్తయింది.

ఆ మాట మనకు అక్కరకు వచ్చిన రోజూ ఉంది. 1961 డిసెంబర్ 18న, గోవాలో మన సైన్యం అడుగుపెట్టిన వేళ, కాల్పులు ఆపి వెనక్కి వెళ్లాలన్న తీర్మానం భద్రతా మండలి ముందుకు వచ్చింది. 11 మంది సభ్యుల్లో 7 ఓట్లు చాలు. సరిగ్గా 7 వచ్చాయి. సోవియట్ యూనియన్ వ్యతిరేక ఓటుతో తీర్మానం వీగిపోయింది. మరునాడే గోవా పోర్చుగీసు పాలన నుంచి బయటపడింది. మనం సంతోషించాం. అయినా ఆ రోజు మనకు దక్కింది ఒక పెద్ద దేశం స్నేహమే గానీ, హక్కు కాదు.

మన రాజ్యాంగంలోనూ ఆ మాట లేదు. రాష్ట్రపతి బిల్లును ఆమోదించవచ్చు, ఆపవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే తిప్పి పంపవచ్చు అని 111వ అధికరణం చెబుతుంది. గడువు మాత్రం పెట్టలేదు. 1986లో పౌరుల ఉత్తరాలను మధ్యలో ఆపి చూసేందుకు ప్రభుత్వానికి విస్తృత అధికారమిచ్చే తపాలా సవరణ బిల్లు పార్లమెంటు దాటి అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ బల్ల మీదికి చేరింది. ఆయన సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. పదవి దిగేదాకా అలాగే అట్టిపెట్టారు. ఆ బిల్లు ఎన్నటికీ చట్టం కాలేదు.

దాన్ని న్యాయ గ్రంథాలు 'పాకెట్ వీటో' అంటాయి. జైల్ సింగ్ 'వద్దంటున్నాను' అని నోరు తెరిచి అనలేదు. కానీ ఉత్తరం రాసుకునే మామూలు మనిషి పక్షాన, ఆ కొద్ది నెలలూ రాష్ట్రపతి భవన్‌లోని ఆ బల్ల రోమ్‌లో తలుపు బయటి బల్లే అయింది.