ఎర్ర బిల్డింగు మెట్లెక్కిన దుర్గాబాయమ్మ, మన క్యాంపు ఆడపిల్లల సంతకాలు

రాయచూరులో మన పిల్లలు లా చదువుతున్నారంటే ఇప్పుడు ఎవరూ తిరిగి చూడరు. వందేళ్ల కింద అలా కాదు. 1916లో కలకత్తాలో రెజీనా గుహ అనే యూదు అమ్మాయి లా పాసై, ప్లీడరుగా పేరు నమోదు చేయమంటే హైకోర్టు కాదంది. చట్టంలో రాసిన ‘వ్యక్తి’ అనే మాటలోకి ఆడవాళ్లు రారట! ఆ అడ్డు తీయడానికి 1923లో వేరే చట్టమే చేయాల్సొచ్చింది. ఆ తరవాతే తిరువాన్కూరులో క్రైస్తవుల బిడ్డ అన్నా చాందీ, ఆమె వెనక ముస్లింల బిడ్డ ఫాతిమా బీవీ లా చదివారు. చాందీ గారు 1959లో హైకోర్టు జడ్జి, బీవీ గారు 1989లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు.

మనవాళ్లలో చెప్పుకోవాల్సింది దుర్గాబాయి గారి గురించి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి వద్దన్నారు, తండ్రి అండగా నిలిచాడు. ఆ కాలానికి ఆ తండ్రిని కూడా మెచ్చుకోవాలి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, మదురై జైల్లో ఒంటరి కొట్టులో పెట్టారు. చదువు లేక, కోర్టులో ఏం జరిగిందో కూడా తెలియక శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లను ఆమె చూసింది జైల్లోనే. లా చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది.

కానీ అప్పటికి మెట్రిక్కు కూడా లేదు. బయటికొచ్చి బెనారసు మెట్రిక్కు ప్రైవేటుగా కట్టారు. ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్తే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఊరుకున్నారా? పేపర్లో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలనుకునే అమ్మాయిలను పోగేసి, హాస్టలు తామే నడిపారు. 1942లో మద్రాసులో లా పట్టా తీసుకున్నారు. హైకోర్టు పక్కన ఆ ఎర్ర బిల్డింగు చూసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. రాయచూరు మీదుగా మద్రాసుకు 1871 నుంచీ బండి ఉంది. అయినా ఆ చదువుకని ఆడపిల్లకు టికెట్టు కొన్న ఇళ్లు ఎన్ని?

తరవాత ఆమె రాజ్యాంగ సభలో కూర్చున్నారు. హిందూ కోడ్ బిల్లు చర్చల్లో కూతురికి ఆస్తిలో వాటా ఉండాలని గట్టిగా వాదించారు. 1956 చట్టంలో తండ్రి స్వార్జితంలో కూతురికి పాలు వచ్చింది గాని, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు రాలేదు. అది ఆంధ్రలో 1986లో, మన కర్ణాటకలో 1994లో, దేశమంతటికీ 2005లో వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, సింధనూరు, మాన్వి వైపు మన క్యాంపుల్లో కాలువ కింది భూమికి ధర పెరిగింది. పెరిగిన కొద్దీ పెళ్లైన కూతుళ్లను పిలిపించి ‘హక్కు బిడుగడె పత్రం’ మీద సంతకం పెట్టించడం ఎక్కువైంది. కట్నం ఇచ్చాంగా అంటారు. కట్నం వాటా కాదు. పైగా పత్రం కన్నడలో ఉంటుంది, పిల్లేమో తెలుగు ఊళ్లో కాపురం చేస్తూ కన్నడం చదవడం మరిచిపోయి ఉంటుంది. ఏం రాశారో తెలియకుండానే వేలు పెడుతుంది. దుర్గాబాయి గారు జైల్లో చూసిన ఆడవాళ్లకూ ఈమెకూ తేడా ఎంత?

ఇష్టపడి వదులుకుంటే ఆమె ఇష్టం, మేము అడ్డు చెప్పం. మేము అడిగేది ఒక్కటే. మన వాళ్లలో లా చదివిన అమ్మాయిలున్నారు. వచ్చే నెల మీటింగులో వాళ్లను కూర్చోబెట్టి, సంతకానికి ముందు పత్రాన్ని తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు సంఘం తరఫున చేద్దాం. రాగలిగినవాళ్లు పేర్లు కింద రాయండి.