రెండు సభల పార్లమెంటు: తెలుగువారి అనుభవంలో

కోనసీమ జిల్లా కె.గంగవరం మండలంలోని ఓటరుకు పార్లమెంటు రెండు సభల్లోనూ చోటుంది, కానీ దారులు వేరు. లోక్‌సభకు అమలాపురం ఎంపీని తామే ఓటేసి పంపుతారు. రాజ్యసభ విషయంలో రామచంద్రపురం ఎమ్మెల్యేను గెలిపించడంతో వారి పని ముగుస్తుంది. ఆ ఎమ్మెల్యే మిగతా 174 మందితో కలిసి రాష్ట్రం తరఫున సభ్యులను ఎన్నుకుంటారు. లోక్‌సభ 543 స్థానాల్లో ఆంధ్రప్రదేశ్‌వి 25, రాజ్యసభ 245లో 11. లోక్‌సభ గడువు ఐదేళ్లు. రాజ్యసభ ఎన్నటికీ రద్దు కాదు. అక్కడ ఒక్కో సభ్యుడి పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. ఒకే ఎన్నికల గాలి రెండు సభలనూ ఒక్క ఊపున మార్చేయకూడదని చేసిన ఏర్పాటు ఇది.

ఈ విధానం మనకు రాజ్యాంగంతో మొదలవలేదు. 1919 చట్టం కింద ఢిల్లీలో 1921 నుంచి కేంద్ర శాసనసభ, కౌన్సిల్ ఆఫ్ స్టేట్ అనే రెండు సభలు నడిచాయి. ఓటు హక్కు ఆస్తిపాస్తులున్న కొద్దిమందికే ఉండేది. వైస్రాయి కాదంటే సభల మాట చెల్లేది కాదు. 1935 చట్టం మద్రాసు రాష్ట్రానికీ రెండో సభను ఇచ్చింది. గోదావరి డెల్టా అప్పుడు ఆ రాష్ట్రంలోదే.

స్వతంత్ర దేశానికి రెండో సభ అవసరమా అన్న ప్రశ్న రాజ్యాంగ సభలో గట్టిగానే వచ్చింది. ప్రగతికి అడ్డమని కొందరు వాదించారు. క్షణికావేశంలో పుట్టే చట్టాలను కాస్త ఆపి చూసే సభ ఒకటి ఉండాలని ఎన్.గోపాలస్వామి అయ్యంగార్ సమర్థించారు. ఆ పెద్దల సభలో అడుగుపెట్టడానికి కనీస వయసు 35 అని ప్రతిపాదన ఉంటే, 30 చాలని సవరణ తెచ్చింది రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి. సభ ఒప్పుకుంది. నేటికీ రాజ్యసభకు 30, లోక్‌సభకు 25 ఏళ్లు నిండితే చాలు. గోదావరి ఒడ్డు ఆడపడుచు రాజ్యాంగంలో వేసిన ఆ గుర్తు పాఠ్యపుస్తకాల్లో ఇంకా ప్రముఖంగా కనిపించాల్సింది. 1952 మే 13న రెండు సభలూ తొలిసారి సమావేశమయ్యాయి. రాజ్యసభ అధ్యక్ష స్థానంలో ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ కూర్చున్నారు.

బిల్లు ఏ సభలోనైనా పుట్టవచ్చు, ద్రవ్య బిల్లు తప్ప. ముందు ప్రవేశపెడతారు. ఆపైన స్థాయీ సంఘానికి పంపవచ్చు. శాఖలవారీగా ఈ సంఘాలు 1993 నుంచి పనిచేస్తున్నాయి. తర్వాత చర్చ, క్లాజు వెంట క్లాజుగా పరిశీలన, సవరణలు, చివరికి ఓటు. రెండో సభలోనూ ఇదే వరస. అక్కడ ఒక్క మాట మార్చినా బిల్లు మొదటి సభకు తిరిగి రావాలి. రెండు సభలూ ఒకే పాఠానికి ఒప్పుకున్నాక రాష్ట్రపతి ఆమోదం, ఆపైన గెజిట్.

డబ్బు దగ్గర మాత్రం సభలు సమానం కావు. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు, దాని సవరణలను లోక్‌సభ పట్టించుకోనక్కర్లేదు. శాఖల ఖర్చు పద్దులపై ఓటు కూడా లోక్‌సభదే. కె.గంగవరం మండలంలోని కోటిపల్లి నుంచి నరసాపురం దాకా రైలు మార్గం 2000-01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. అలాంటి పనికి నిధులు విడుదల చేసే ఓటు ఆ సభలోనే పడుతుంది.

ప్రభుత్వం నిలిచేదీ పడేదీ అక్కడే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో ఒక్క ఓటు తేడాతో ఓడినప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది గౌతమి ఒడ్డున ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి.బాలయోగి. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్నది ఆ రోజు వివాదం. బాలయోగి దాన్ని ఆయన అంతరాత్మకు వదిలారు. తన తెలుగుదేశం పార్టీ ఆ ప్రభుత్వాన్ని సమర్థిస్తున్నా ఆయన ఆ ఓటుకు అడ్డు చెప్పలేదు. స్పీకర్ పదవికి దక్కాల్సిన గౌరవం అదే.

సభలు రెండూ పట్టువిడవకపోతే రాష్ట్రపతి సంయుక్త సమావేశం పిలవవచ్చు. ఇప్పటికి మూడు బిల్లుల కోసమే అలా జరిగింది. 1961లో వరకట్న నిషేధ బిల్లు కోసం జరిగిన మొదటి సమావేశానికి అధ్యక్షత వహించినవారు తిరుచానూరులో పుట్టిన స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. రెండోది 1978లో. మూడోది 2002 మార్చి 26న, ఉగ్రవాద నిరోధక ‘పోటా’ బిల్లును రాజ్యసభ తిరస్కరించాక. 425 మంది అనుకూలం, 296 మంది వ్యతిరేకం. బాలయోగి అధ్యక్షత వహించాల్సిన సమావేశమది. మార్చి 3న కైకలూరు సమీపంలో హెలికాప్టర్ కూలి ఆయన మరణించారు. డిప్యూటీ స్పీకర్ పి.ఎం.సయీద్ సభను నడిపారు.

రాజ్యాంగ సవరణకు ఈ దారి లేదు. రెండు సభలూ విడివిడిగా ఒప్పుకోవాల్సిందే. 1970లో రాజభరణాల రద్దు సవరణ లోక్‌సభ దాటి, రాజ్యసభలో మూడింట రెండొంతుల మెజారిటీకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.

తెలుగువారికి ఈ యంత్రాంగం అత్యంత దగ్గరగా తెలిసింది 2014లో. రాష్ట్ర విభజన బిల్లును జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించింది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర అభిప్రాయం అడిగితే చాలు, సమ్మతి అక్కర్లేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ ప్రత్యక్ష ప్రసారం ఆగిన వేళ బిల్లును ఆమోదించింది. 20న రాజ్యసభ. 21తో ఆ లోక్‌సభ చివరి సమావేశాలు ముగిశాయి. ఎగువ సభలో ఒక్క సవరణ నెగ్గినా బిల్లు మళ్లీ దిగువ సభకు వెళ్లాలి, అందుకు మిగిలింది ఒక్క రోజే. ప్రత్యేక హోదా ఐదేళ్లు ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ చెప్పిన మాట రాజ్యసభ రికార్డుల్లో చేరింది గానీ చట్టంలో చేరలేదు. సభలో ఇచ్చిన హామీకీ, బిల్లులోని క్లాజుకూ ఎంత దూరముందో ఆ తర్వాతి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్ ప్రజలకు బాధాకరంగా తెలిసివచ్చింది.

రాష్ట్ర స్థాయిలో రెండో సభ కథ మరింత ఒడుదొడుకులది. 1958 జులై 1న ఏర్పడిన శాసనమండలి ఎన్టీఆర్ హయాంలో 1985లో రద్దయింది, వై.ఎస్.రాజశేఖరరెడ్డి హయాంలో 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను మండలి ఛైర్మన్ ఎం.ఎ.షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపగా, కొద్ది రోజులకే, 27న శాసనసభ మండలి రద్దుకు తీర్మానించింది. అయితే రద్దు చేయాల్సింది పార్లమెంటు. అక్కడ అది కదలకముందే 2021 నవంబరు 23న శాసనసభ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మామూలు బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల మాత్రమే ఆపగలదు. రాజ్యసభకున్న బలం దానికి లేదు.

ఇప్పుడు మండలిలో 58 స్థానాలు: శాసనసభ్యులు ఎన్నుకునేవి 20, స్థానిక సంస్థలవి 20, పట్టభద్రులవి 5, ఉపాధ్యాయులవి 5, గవర్నర్ నామినేట్ చేసేవి 8. కె.గంగవరం పట్టభద్రులు తూర్పు, పశ్చిమ గోదావరి ఉమ్మడి నియోజకవర్గంలో ఓటర్లు. 2025 ఫిబ్రవరి 27న అక్కడ పోలింగ్ జరిగింది.