తనఖా చరిత్రలో ఆదాయం: ఫలసాయం నుండి నెలజీతం దాకా

స్థిరాస్తిని హామీగా ఉంచి అప్పు తీసుకోవడం తెలుగు ప్రాంతాలకు కొత్త కాదు. తనఖా, కుదువ, తాకట్టు, భోగ్యం అనే మాటలు వ్యవహారంలో పాతుకుపోవడమే ఇందుకు నిదర్శనం. అయితే రుణదాత దేనిని చూసి అప్పిచ్చాడన్నది కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. నేడు ఫెలోషిప్ మీదనో, గంటల లెక్కన పాఠాలు చెప్పి సంపాదించే డబ్బు మీదనో బతికే పరిశోధక విద్యార్థికి గృహరుణం దొరకడం ఎందుకు కష్టమో ఈ మార్పులోనే వెతకాలి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో తనఖాలను వర్గీకరించింది. వాటిలో స్వాధీన తనఖా ఈ చర్చకు ముఖ్యం. ఇందులో రుణదాత ఆస్తిని స్వాధీనం చేసుకొని, దాని ఫలసాయాన్ని వడ్డీకి గాని అసలుకు గాని రెంటికీ గాని జమకట్టుకుంటాడు. యజమాని విడిగా సంపాదించి చెల్లించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. సేద్యపు రాబడి స్వభావరీత్యా నిలకడలేనిది. ఆ ఒడుదొడుకుల భారంలో కొంత భూమిని అనుభవించే రుణదాత మీద కూడా పడేది. అలాగని దీనిని ఆదర్శ పద్ధతిగా భావించరాదు. సొంత పొలంలోనే కౌలుదారుగా మారిన రైతుకు చట్టం ఇచ్చిన విడుదల హక్కు చాలాసార్లు కాగితం మీదనే మిగిలింది. మద్రాసు రాష్ట్రంలో ఫ్రెడరిక్ నికల్సన్ 1895లో సమర్పించిన నివేదిక, 1929లో ఏర్పడిన కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఈ నేపథ్యంలోనివే. ఆ బ్యాంకులు కూడా ప్రధానంగా భూమి విలువనే ప్రమాణంగా తీసుకున్నాయి.

తనఖా పెట్టిన యువకుడి విషయంలోనూ నాటి న్యాయస్థానం చర్చించింది సంపాదన గురించి కాదు. కలకత్తాలో మైనరు అయిన ధర్మోదాస్ ఘోష్ 1895లో రాసిన తనఖా చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1903లో తీర్పు చెప్పింది. మోహరీ బీబీ వ్యాజ్యంగా న్యాయవిద్యార్థులందరికీ తెలిసిన ఈ తీర్పుకు ఆధారం వయస్సు మాత్రమే.

అసలు మలుపు 1977లో హస్ముఖ్ పారేఖ్ హెచ్.డి.ఎఫ్.సి.ని స్థాపించడంతో మొదలైంది. పూర్వపు తనఖాదారుకు అప్పటికే ఆస్తి ఉండేది. గృహరుణం అడిగేవాడికి అది ఇంకా లేదు, అప్పుతోనే దానిని కొనాలి. కాబట్టి రుణదాత చూపు రాబోయే ఇరవై ఏళ్ల సంపాదన మీదికి మళ్లింది. బాకీపడిన ఇంటిని కోర్టు ద్వారా రాబట్టుకోవడానికి ఏళ్లు పట్టే రోజుల్లో, కాగితం మీద హామీ ఇల్లే అయినా, ఆచరణలో హామీ జీతమే అయింది. ఆ జాప్యాన్ని తగ్గించడానికి 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. అయినా నెలసరి సమాన వాయిదాకు అలవాటుపడిన బ్యాంకులు జీతపు చీటీని విడిచిపెట్టలేదు.

ఫెలోషిప్ ఇక్కడ చిత్రమైన స్థితిలో పడుతుంది. యు.జి.సి. 2023 జనవరి నుండి జూనియర్ ఫెలోకు నెలకు 37,000, సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు నిర్ణయించింది. ఈ మొత్తం కొన్ని ఉద్యోగాల జీతం కంటే తక్కువేమీ కాదు. కాని దాని గడువు మొత్తం ఐదేళ్లే. పైగా విద్యావేతనాన్ని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 10(16) సెక్షన్ పన్ను నుండి మినహాయించింది. జీతం లేనివారిని బ్యాంకులు అడిగేది రెండు మూడేళ్ల పన్ను రిటర్నులు. విద్యార్థికి మేలు చేయడానికి ఉద్దేశించిన మినహాయింపు వల్లనే అతడి ఆదాయానికి బ్యాంకు గుర్తించే ఆనవాలు లేకుండా పోవచ్చు. సెలవుల్లో వేతనం అందని అతిథి అధ్యాపకుడు రిటర్నులు వేసినా, అతడి ఖాతాలోని ఖాళీ నెలలు దరఖాస్తును బలహీనపరుస్తాయి.

ఇక మిగిలేది తల్లినో తండ్రినో సహ దరఖాస్తుదారుగా చేర్చుకోవడం. అప్పుడు రుణ కాలవ్యవధిని లెక్కించడంలో వారి పదవీ విరమణ వయస్సు అడ్డువస్తుంది. వ్యవధి తగ్గినకొద్దీ నెలసరి వాయిదా పెరుగుతుంది.