గండి కాడ ఎవరెవరున్నారు?

“రెడ్డీ, లెయ్యి! నీళ్లు కట్ట నెత్తికొచ్చినాయి!”

వాకిట్లో నీరుగట్టి, ఊరి చెరువు నీళ్లు చూసేవాడు. నెత్తిన కంబళి కొప్పెర, చేతిలో చలగపార. బసిరెడ్డి తలుపు తీశాడు.

“తూములు ఎత్తినావా?”

“ఒగటి ఎత్తినా. రెండోది పూడికలో ఇరుక్కోని కదలడంల్యా. పోయినేడు సెప్తి గదా, ఎండాకాలంలోనే పూడిక తీయిచ్చమని.”

“మరవ?”

“పారతాంది. చాలడంల్యా. మరవ నోట్లో కంప పెరిగింది. అదీ సెప్తి.”

ఈ మాటలు నేను అల్లినవి. చెరువు మాత్రం అల్లిక కాదు. 1364లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప వొడయరు పండమేరు ఏటికి అడ్డంగా కట్ట పోయించాడు. కట్టకు ఒక చివర రాజు పేరిట బుక్కరాయసముద్రం, ఇంకో చివర అనంతసాగరం వెలిశాయి. రెండోది పెరిగి పెరిగి అనంతపురమైంది. బుక్కరాయసముద్రం ఇప్పుడు మండల కేంద్రం. బస్సెక్కేవాళ్లు బీకే సముద్రం అంటారు.

కట్ట తెగబోయిన రాత్రి కథ ఈ సీమలో అందరికీ తెలుసు. బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని దేవత పలికింది. ఆమె ఒప్పుకుంది. గండిలో నిలబడింది. మీద మన్నూ రాళ్లూ పోశారు. నీళ్లు ఆగాయి. సి.పి.బ్రౌన్ వెలికితీసిన అనంతపురం చరిత్రలోని ఈ కథనే 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థి కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యంగా రాశాడు. చదివినవాళ్లు ముసలమ్మ కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. నాకు మాత్రం ఎప్పుడూ నీరుగట్టి మీదికే ధ్యాస పోతుంది. కథలో అతని ఊసే లేదు. చెరువున్న ఊళ్లో అతను లేకుండా ఎలా ఉంటాడు?

అందుకే మళ్లీ ఆ రాత్రికి పోదాం.

తలారి తప్పెట కొడుతూ వీధి వీధీ తిరిగాడు. ఇంటికొక మనిషి గంపా పారా పట్టుకుని కట్ట మీదికి రావాలి. వచ్చారు కూడా. అయితే వచ్చినవాళ్లకు ఎక్కడ నిలబడాలో తెలియదు. కొందరు మిగులు నీళ్లు పోయే మరవ వైపు పరుగెత్తారు. కొందరు కట్ట చెమరుస్తున్న చోట మన్ను పోస్తూ పోయారు. వానకు అది పోసింది పోసినట్టే జారిపోయింది. రాళ్లు పేర్చడం తెలిసిన ఒడ్డెవాళ్లు ఊళ్లో లేరు. చేయించుకున్న పనికి గింజలు కొలవకపోతే ఎవరు మాత్రం ఎన్నాళ్లుంటారు? వేరే ఊరి చెరువు పనికి పోయారు.

“ఎవుర్ని యాడ నిలబెట్టాల్నో నువ్వే సెప్పప్పా,” అన్నాడు బసిరెడ్డి.

“ఇప్పుడా రెడ్డీ?” అన్నాడు నీరుగట్టి.

దేవత పలికింది ఆ తర్వాతే అని నా ఊహ. మనుషుల లెక్క తప్పాకే ఒక మనిషిని లెక్కగట్టడం మొదలవుతుంది. ఆ ఒక్క మనిషి కరణం కాలేదు, రెడ్డి కాలేదు. పరాయి ఇంటి నుంచి వచ్చిన కోడలు అయింది. “సరే మామా” అని ఆమె అనగానే అంతవరకూ చెల్లాచెదురుగా ఉన్న ఊరంతా ఒక్క చోట చేరి, ఒక్క చేతిగా మన్ను పోసింది.

అంతమంది కలిసి పనిచేయడం ఎలాగో ఆ కాలానికి తెలియదనుకుంటే పొరపాటు. బుక్కరాయసముద్రం కట్ట లేచిన అయిదేళ్లకు, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఇంకో చెరువు తవ్వించి శాసనం వేయించాడు. ఆ శాసనం చదవాలి. చెరువుకు 12 అంగాలు చెబుతుంది. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం చదివిన పండితుడు, గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, కొండల మధ్య కట్ట, దగ్గర్లో మంచి రాతి గని... ఇలా పోయి పోయి చివరికి ఆ పని తెలిసిన మనుషుల గుంపు కూడా ఒక అంగమే అంటుంది. రాజునూ రాతినీ లెక్కపెట్టిన జాబితాలోనే పనివాళ్లనూ లెక్కపెట్టారు. కట్ట చెమర్చడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నీళ్లు చాలకుండా ఆయకట్టు ఎక్కువ కావడం వంటివి దోషాలంటుంది. ఆ చెరువు కట్టడానికి రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేస్తే 2 ఏళ్లు పట్టింది. సూపర్‌వైజర్ చదవాల్సిన పుస్తకం రాతి మీదే ఉంది.

కట్టడం ఒక ఎత్తు. నిలబెట్టుకోవడానికి వేరే ఏర్పాటు ఉండేది. చెరువు బాగోగులు చూసేవాళ్లకు దశబంధం అనే ఇనాం భూములిచ్చేవారు. నీరుగట్టికి కళ్లంలోనే గింజల్లో అతని వాటా, అంటే మేర, కొలిచేవారు. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారించాలో అతని మాటే చెల్లేది. అందుకే అతనికి ఆయకట్టులో తనకంటూ మడి లేకపోతే మేలని పెద్దలనేవారు. ఎండాకాలం ఇంటికొక మనిషి పూడిక తీయాలి. ఎవరి పని ఏదో, ఎవరికి ఎంత ముడుతుందో, ఎవరి మాట ఎప్పుడు వినాలో ముందే తేలిపోయి ఉండేది. ఇందులో ప్రేమాభిమానాల కన్నా గింజల లెక్కే ఎక్కువ, అది నాకు నచ్చిన సంగతి. కులాల తారతమ్యం కూడా ఆ లెక్కలోనే దాగుంది; దాన్ని ముద్దుచేసి చెప్పలేను.

ఆ లెక్క తెల్లవాళ్ల హయాంలో చెదిరింది. 1858 నాటికి ఊరివాళ్లను చెరువు పనికి బలవంతంగా రప్పించడానికి మద్రాసులో ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. మేర కొలవనిచోట చట్టం చేసి మనిషిని కట్ట మీదికి తేవచ్చు. ఎలుక బొక్క కనబడగానే అర్ధరాత్రి వచ్చి చెప్పేవాణ్ణి తేలేరు.

మన ఆఫీసుల్లోనూ ఏడాదికో ముసలమ్మ కావాలి. మూడు రాత్రులు నిద్రపోకుండా ప్రాజెక్టు గట్టెక్కించిన అమ్మాయికి శాలువా కప్పుతారు, ఫోటో తీస్తారు. ఆర్నెల్ల ముందే “మరవ నోట్లో కంప పెరిగింది” అని మెయిల్ పెట్టినవాడు ఆ ఫోటోలో ఉండడు. అతను చాదస్తుడని అప్పటికే పేరుపడి ఉంటుంది.

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కొంచెమూ ఒక్కోసారి రెండు రాత్రుల్లోనే పడుతుంది. 2024 అక్టోబరులో అలాగే అయింది. ఎగువన కనగానపల్లి చెరువుకు గండి పడింది, పండమేరు పొంగింది, అనంతపురం శివారు కాలనీల్లోకి నీళ్లు దూరాయి. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది పడవలూ తాళ్లూ పట్టుకుని వచ్చారు. గండి పడ్డాక పరుగెత్తి వచ్చే జట్టు మనకు బాగానే కుదిరింది. 1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకే అప్పగిస్తూ చట్టం వచ్చాక చెరువులకు నీటి సంఘాలూ ఏర్పడ్డాయి, వాటికి ఎన్నికలూ జరిగాయి. అధ్యక్ష పదవికి పోటీ ఉంటుంది. వానరాత్రి కంబళి కప్పుకుని కట్ట పొడుగునా నడిచొచ్చే పనికి పోటీ ఉండదు. దానికి కూలి ఎవరివ్వాలన్నది సంఘం కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.