గుడియు బడియు ఒకే పాకలో



1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు అభిషేకము పొంది, డోర్నకల్ ప్రథమ బిషప్పు అయిరి. ఆ కాలమున మన పల్లెలలో అనేక చోట్ల గుడియు బడియు ఒకే పాక. పగలు పిల్లలచేత అక్షరములు దిద్దించిన ఉపదేశి గారే సాయంకాలము ప్రార్థన జరిపించెడివారు. పగలు పశువులు కాయు పిల్లలకు రాత్రి బడి ఉండెడిది. తల్లులు వంటకు బియ్యము కొలుచునపుడెల్ల పిడికెడు తీసి దేవుని పనికై వేరుగా ఉంచెడివారు. కోత పండుగనాడు కుటుంబములన్నియు ధాన్యము, కోళ్లు, కూరగాయలు తెచ్చి అర్పించెడివి. చదువురాని వారి చేతులే మనకు చదువు పెట్టినవి.

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండవలెనని, సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెనని అది విధించినది.

నేనొక గ్రామములో పాదిరిగా ఉన్నప్పుడు ఆ బడి సభకు పిలుపు వచ్చినది. పని ఉన్నదని వెళ్లలేదు. మన సంఘము నుండి ఒక అవ్వ మాత్రము కూలి మానుకొని వెళ్లి, "మా మనుమరాలికి ఇంకా చదువుట రాలేదేమి?" అని అడిగినదట. అది విని నేను సిగ్గుపడితిని.

మన పిల్లలు వేరే బడికి పోవుచున్నను, ఆ అవ్వ మనుమరాలు మన బిడ్డ కాదా? వచ్చే సభకు ఇంటికొకరము పోవుదము.