సకురాపుష్పము - అర్థపరిణామము

జపానుదేశమున 'సకురా' యనఁబడు చెర్రీవృక్షపుఁ బువ్వు వీరమరణమునకుఁ జిహ్నమనియు, నీ భావము పురాతనమనియుఁ బలువురు తలఁతురు. ఆ దేశపుఁ బ్రాచీనకావ్యములఁ బరిశీలించినచో నీ మతము నిలువదు.

ఎనిమిదవ శతాబ్దిలో సంకలితమైన 'మన్యోషూ' గ్రంథమున సకురాను గూర్చిన పద్యములు సుమారు 40. చీనానుండి వచ్చిన 'ఉమె' వృక్షమును గూర్చినవి సుమారు 120. ఉమె పరిమళమునకుఁ బేరొందినది. సకురాజాతులలోఁ బెక్కింటికిఁ దావి యత్యల్పము. ఒషిమ సకురా యాకులు మాత్ర ముప్పునందూరి సువాసన నిచ్చును. వానితో మిఠాయిని జుట్టుదురు. 812వ యేఁట సాగా చక్రవర్తి క్యోటోనగరమందలి షిన్‌సెన్‌ఎన్ ఉద్యానమునఁ బుష్పదర్శనోత్సవము జరిపెను. 905 ప్రాంతమున రాజాజ్ఞచేఁ గూర్పఁబడిన 'కొకిన్‌షూ' నాఁటికి వసంతవర్ణనలలో సకురాయే ప్రధానమయ్యెను. పిదప 'హన', అనఁగా పుష్పము, అను సామాన్యపదమే దానికి రూఢమయ్యెను. ఆ పద్యములలోని విషాదము శీఘ్రముగా రాలు పూవును జూచి కలిగిన యనిత్యతాబోధయే కాని యుద్ధప్రబోధము గాదు.

ఇచ్చట 'నియోఉ' అను క్రియ విచార్యము. నేఁటి జపానుభాషలో దీనికి వాసన వచ్చుట యని యర్థము. మన్యోషూ నాఁడు రంగుచే వెలుఁగుట యనునదియే ప్రధానార్థము. మన 'కంపు' శబ్దము పూర్వకావ్యములఁ బరిమళమును సైతము దెలిపి, నేఁడు దుర్గంధమునకు రూఢమైనట్లే కాలమునుబట్టి దీని యర్థమును మాఱినది.

1790లో మొతోఒరి నొరినాగ పండితుఁడు తన చిత్రపటముపై వ్రాసిన పద్యమున జపానీయుల హృదయమును బ్రాతఃకాలపుటెండలో 'నియోఉ' కొండసకురాతోఁ బోల్చెను. ఎఱ్ఱని చివుళ్లతోఁ గూడఁ బూచు నా చెట్టునకు వెలుఁగుటయే యుచితార్థము. ఆ పద్యమున మరణప్రసక్తి లేదు. అయినను 1944 అక్టోబరులో శత్రునౌకలపై విమానములతోఁ బడి చచ్చుటకు నియమింపఁబడిన తొలిదళములకు షికిషిమ, యమతొ, అసహి, యమజకుర యను పేళ్లను ఆ పద్యమునుండియే గ్రహించిరి.

ఈ మార్పునకు వృక్షరూపమును దోడ్పడెను. 1868 తరువాత దేశమంతటను వ్యాపించిన 'సొమెయి యొషినొ' చెట్లన్నియు నంటుగట్టి పెంచినవి, ఒకే మూలమునకుఁ జెందినవి. కావున నొకచోటి చెట్లన్నియు నాకుల కంటె ముందే యొక్కసారిగాఁ బూచి, యొక్కసారిగా రాలును. పాఠశాలలందును సైనికస్థావరములందును నాటఁబడిన యీ చెట్ల సామూహికపతనము సైనికుల సామూహికమరణమునకు నుపమానముగాఁ జూపఁబడెను.

పూవు మాఱలేదు, దానిఁ జదివినవారి ప్రయోజనము మాఱినది. కావున కవిప్రయుక్తమైన పదమునకుఁ దత్కాలార్థమును నిర్ణయించుట వ్యాకర్తల వినోదము మాత్రమే కాదు. ఆ పని జరుగని చోట కవివాక్యము యువకుల ప్రాణములఁ గోరు శాసనముగా మాఱవచ్చునని యీ చరిత్ర తెలుపుచున్నది.